లిఫ్టు లేని ఓడ

మా ఇంట్లో సెలవులకి ఓడ ఎంచుకోవడం అంటే, మా నాన్నకీ మా తమ్ముడికీ ఇద్దరికీ నచ్చే వస్తువు ఈ లోకంలో ఒక్కటైనా ఉందా అని వెతకడం. భూమ్మీద లేదని ఎప్పుడో తేలిపోయింది. ఇక నీళ్ళ మీద చూడాలి. ఆ పని నాకు అప్పజెప్పారు. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని పనులన్నీ తిరిగి తిరిగి నా నెత్తినే పడతాయి.

మాది లిఫ్టులు బాగుచేసే పని. వీధిలోకి తెరుచుకునే పొడవాటి గది. ఆ గోడకి నాన్న బల్ల, ఈ గోడకి తమ్ముడి బల్ల, మధ్యలో ఫోను ముందు పెట్టుకుని నేను. ఎంత కడిగినా గ్రీజు వాసన పోదు. ఒకరు దగ్గితే ఇంకొకరు ఉలిక్కిపడేంత దగ్గరగా కూర్చుంటారు ఆ ఇద్దరూ, మాట్లాడుకుని మాత్రం ఏళ్ళయింది.

"అమ్మాయ్, పెద్ద స్పానరు ఇటిమ్మను వాణ్ణి" అంటాడు నాన్న.

"అక్కా, అది ఆయన బల్ల కిందే ఉందని చెప్పు" అంటాడు వాడు.

రెండు మాటలూ రెండు వైపులా వినపడ్డాయి కదా. అయినా సరే, నేను మళ్ళీ చెప్పాలి. చెప్పకపోతే స్పానరు కదలదు, పని కదలదు. అమ్మ నాకు 'పోస్టాఫీసు' అని పేరు పెట్టింది. ఆదివారం కూడా తెరిచి ఉండే పోస్టాఫీసు ఇదొక్కటే అనుకుంటాను. నాకు పెళ్ళెందుకు కాలేదని చుట్టాలు అడుగుతుంటారు. ఈ ఉద్యోగానికి సెలవు దొరికితే కదా.

గొడవ ఎంతో పెద్దదనుకునేరు. లిఫ్టు పనిలో ఒక మనిషి పైన మెషిన్ దగ్గర ఉంటాడు, ఒక మనిషి అడుగున గుంతలోకి దిగుతాడు. ఎప్పుడూ దిగేది నాన్నే. ఒకరోజు ఒక పెద్ద భవనంలో, పదిమంది ముందు, తమ్ముడు గుంత తలుపుకి అడ్డం నిలబడి, "ఇక నువ్వు కిందికి దిగొద్దు నాన్నా, నీ వయసుకి ఇది పని కాదు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ అక్కడ అనాల్సిన మాట కాదది. నాన్న చేతిలో లైటు వాడి చేతిలో పెట్టి, ఇంటికి నడిచి వచ్చేశాడు. మర్నాడు యథాప్రకారం గుంతలోకి దిగాడు. వాడితో మాట మానేశాడు. వాడు రెండు రోజులు బతిమాలి, మూడో రోజు తనూ మానేశాడు. తండ్రిని పోలిన కొడుకు మరి.

విచిత్రం ఏమిటంటే పని ఆగలేదు. లిఫ్టు జారే ఇనప పట్టా మీద స్పానరుతో కొట్టి మాట్లాడుకోవడం నాన్న వాడికి చిన్నప్పుడే నేర్పాడు. ఒక దెబ్బ అంటే ఆపు. రెండంటే పైకి. మూడంటే కిందికి. పైవాడు కొడితే కిందివాడు అదే లెక్కన తిరిగి కొట్టాలి, అప్పుడే పైవాడు కదపాలి. "కిందివాడి సమాధానం రాకుండా కదిపేవాడు మనిషి కాదు" అని నాన్న మాకు ముద్దల్లో పెట్టి తినిపించాడు. నోళ్ళు మూతపడినా ఆ దెబ్బలు మాత్రం ఆగలేదు. వాళ్ళిద్దరి మధ్యా మిగిలిన మాటలు అవే.

ఓడ కోరిక అమ్మది. పెళ్ళయిన దగ్గర్నించి వాళ్ళు ఏ ఊరు వెళ్ళినా మధ్యలో ఫోను రావడం, ఎవరో లిఫ్టులో ఇరుక్కోవడం, నాన్న వెనక్కి పరిగెత్తడం. "నేల మీద ఎక్కడున్నా ఈయన నాకు దక్కడు. నడి సముద్రంలోంచి ఎక్కడికి పరిగెత్తుతాడో చూస్తాను" అంది. "నాకు ఇంకేమీ వద్దు. నలుగురం ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి. అంతే" అని కూడా అంది. ఇంట్లో నాన్న ముందు తినేస్తాడు, వాడు తర్వాత తింటాడు. అమ్మ రెండుసార్లు వడ్డిస్తుంది.

ఇదిలా ఉండగా తమ్ముడు ఒక సాయంత్రం మెట్ల మీద నన్ను ఆపాడు.

"అక్కా, ఓడ నుంచి వచ్చాక నేను వేరే కంపెనీలో చేరుతున్నాను. మాటిచ్చేశాను. నాన్నకి నువ్వే చెప్పు. ఓడలో, కాస్త హాయిగా ఉన్నప్పుడు చూసి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ మీ స్పానర్లు మోశాను, నట్లు మోశాను, విసుగులు మోశాను. ఇది మాత్రం మోయను. నువ్వే చెప్పుకో."

"ఆయన నా మొహం చూస్తే కదా చెప్పడానికి."

"అయితే చెప్పకుండానే పో."

అనడానికైతే అన్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు వెళ్ళిపోవడం గురించి కాదు నా భయం. రెక్కలొచ్చినవాడు ఎగురుతాడు, అది సహజమే. మాట కలవకుండా వెళ్ళిపోతే? గదిలో ఒక బల్ల ఖాళీ అవుతుంది. పట్టా మీద ఆ దెబ్బలు కూడా ఆగిపోతాయి. ఆ తర్వాత ఇద్దరికీ ఏ పేరుతోనూ ఒకరి జోలికి ఒకరు వెళ్ళాల్సిన అవసరం ఉండదు. వాళ్ళ పట్టుదల నాకు తెలుసు. ఒకరి ఆఖరి రోజు వచ్చేదాకా అలాగే ఉండిపోతారు. అందుకే ఓడ సంగతి నేను గట్టిగా పట్టుకున్నాను. తప్పించుకోవడానికి చోటు లేనంత చిన్న ఓడ కావాలి.

నలుగురం ఓడల టికెట్లు అమ్మే ఆవిడ ఆఫీసుకి వెళ్ళాం. గోడల నిండా నీలం రంగు బొమ్మలు, బల్ల మీద అద్దాల పెట్టెలో ఒక తెల్లని బుల్లి ఓడ. ఆవిడ నవ్వుతూ, ఈతకొలనులు కావాలా, నాటకాలాడే హాలు కావాలా, పిల్లలు ఆడుకునే చోటు కావాలా అని మొదలుపెట్టింది.

"లిఫ్టులెన్ని?" అన్నాడు నాన్న.

ఆవిడ ఒక్క క్షణం తడబడి, "బోలెడండీ. అద్దాల లిఫ్టులు. ఎక్కితే సముద్రం కనిపిస్తుంది" అంది గర్వంగా.

"అయితే వద్దు. సెలవుల్లోనూ వాటి మొహమే చూడాలా? లిఫ్టు లేని ఓడ చూపించండి."

"లిఫ్టు లేకపోతే నా మోకాళ్ళతో నేనెలా ఎక్కుతాను?" అంది అమ్మ. "నన్నేం బుట్టలో పెట్టి మోస్తారా?"

"అక్కా, లిఫ్టుల్లేని ఓడ ఇప్పుడెక్కడా ఉండదని చెప్పు ఆయనకి" అన్నాడు తమ్ముడు.

"అమ్మాయ్, నేను వాణ్ణి అడగలేదని చెప్పు" అన్నాడు నాన్న.

టికెట్లావిడ ముఖం అటూ ఇటూ తిరిగి నా దగ్గర ఆగింది. అడకత్తెరలో పోకచెక్కని చూసే చూపు అది. నేను అలవాటైన దాన్నే కాబట్టి, "మీరు కానివ్వండి" అన్నాను.

ఆవిడ రెండు ఓడలు చూపించింది. ఒకటి ఊరంత పెద్దది. "ఇందులో అయితే ఎవరి దారి వాళ్ళదండీ. పొద్దున విడిపోయినవాళ్ళు రాత్రిదాకా ఒకరికొకరు ఎదురుపడక్కర్లేదు. భోజనం కూడా ఎవరికి తోచిన చోట వాళ్ళు చేయొచ్చు" అంది. కుటుంబాలకి ఇదే బాగుంటుందట. ఎలాంటి కుటుంబాలు వస్తాయో ఆవిడ దగ్గరికి.

తమ్ముడి మొహం వెలిగింది. "అక్కా, ఇది బాగుంది."

నాన్న కాసేపు బొమ్మ చూశాడు. "లిఫ్టులుంటే ఉన్నాయిలే, నేను మెట్లెక్కుతాను. అమ్మాయ్, వాడు చెప్పిందే బాగుందని చెప్పు."

ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. అదీ దేనికి? ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేని ఓడ కోసం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మ మాత్రం అద్దాల పెట్టెలోని బుల్లి ఓడనే చూస్తూ కూర్చుంది. అమ్మ అడిగిందల్లా ఒక్క బల్ల.

"రెండోది చూపించండి" అన్నాను. నా గొంతు కాస్త గట్టిగానే వచ్చి ఉంటుంది, ఆవిడ వెంటనే కాగితం తిప్పింది. రెండోది చిన్న ఓడ, పాతది. ఒకటే భోజనాల గది, ఒకటే డెక్కు, ఒకటే లిఫ్టు. "మరీ ఇరుకండీ, చూసి నిర్ణయించుకుంటే మంచిది. వచ్చే వారం రేవుకి వస్తుంది, సరుకు ఎక్కించేటప్పుడు లోపలికి తీసుకెళ్ళి చూపిస్తాను" అంది.

వారం తర్వాత రేవుకి వెళ్ళాం. ఓడ దగ్గర్నించి చూస్తే ముద్దుగానే ఉంది. రంగు మీద రంగు వేసిన రెయిలింగులు, వంగిన గడపలు. లోపల మాత్రం సంతే. దుప్పట్ల మూటలు, కూరగాయల పెట్టెలు, చక్రాల బళ్ళ రొద, కాళ్ళకింద సన్నగా ఇంజను వణుకు. టికెట్లావిడ ముందు నడుస్తూ గదులు చూపించింది. గది నిజంగానే చిన్నది. తలుపు తీస్తే మంచం, మంచం దిగితే తలుపు.

పైన భోజనాల గది చూద్దామంది ఆవిడ. తమ్ముడు మెట్ల మీద ముందే ఎక్కిపోయాడు. వాడు పైకి వెళ్ళాడు కాబట్టి నాన్న కిందే ఉంటానన్నాడు. లిఫ్టు తలుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, డాక్టరు రొమ్ము చూసినట్టు చూశాడు. "పాతదైనా బుద్ధిగా ఉంది. ఎక్కండి" అన్నాడు. అమ్మా నేనూ ఎక్కాం. ఆవిడ మెట్ల వైపు వెళ్ళింది.

లిఫ్టు మెల్లగా లేచింది. సగం దారిలో అమ్మ చెయ్యి చాచి ఎర్ర బటన్ నొక్కింది.

ఆగిపోయాం.

"అమ్మా, ఏం చేశావ్?"

"ఏదో తేడా శబ్దం వచ్చింది. మీ నాన్నే కదా చెప్పాడు, తేడా శబ్దం వస్తే ముందు నొక్కి తర్వాత ఆలోచించమని."

ఊళ్ళో ఏ ఆడమనిషీ చేయని పని ఇది. లిఫ్టు మెకానిక్కు పెళ్ళాం మాత్రమే చేస్తుంది. ఆ బటన్ వెనక్కి లాగి చూశాను, లాభం లేదు. ఈ ఓడలో ఒకసారి అది నొక్కితే పైన మెషిన్ దగ్గరికి మనిషి వెళ్ళి, చేత్తో బ్రేకు వదిలి దింపాల్సిందేనట, లిఫ్టులోని ఫోనులో ఎవరో చెప్పారు. ఓడ మెకానిక్కు ఒక్కడే ఉన్నాడు, పైకి వెళ్తున్నాడు, కంగారు పడొద్దన్నారు. నాకు కంగారేమీ లేదు. నేను పుట్టి పెరిగిందే వీటి మధ్య. కానీ నాకు ఏ శబ్దమూ వినపడలేదు. అమ్మ వైపు చూశాను. అమ్మ పైట సర్దుకుంటోంది.

కింద నుంచి నాన్న గొంతు వచ్చింది. "అమ్మాయ్, బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నాం నాన్నా."

ఆ తర్వాత దెబ్బలు. నాన్న తలుపు చట్రం మీద తాళాలగుత్తితో కొడుతున్నాడు, వాడికోసం. కానీ అది ఓడ. ఒళ్ళంతా ఇనుమే. ఎక్కడో పెట్టె పడుతోంది, ఎక్కడో గొలుసు రాసుకుంటోంది, ఎవడో సుత్తితో బాదుతున్నాడు. ఏ దెబ్బ ఎవరిదో దేవుడికే తెలియాలి. పై నుంచి తమ్ముడూ కొట్టాడు. అదీ ఆ రొదలో కలిసిపోయింది. వాళ్ళకి మిగిలిన ఆ కాస్త భాషా అక్కడ పనిచేయలేదు.

"అమ్మాయ్" అని పిలిచాడు నాన్న. "వాణ్ణి అడుగు, పైన బ్రేకు దగ్గర ఎవరున్నారని."

నోరు తెరిచాను. అలవాటు ఎంత దూరం తెచ్చిందో చూడండి, మాట పెదవి దాకా వచ్చేసింది. అప్పుడు అమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది. గట్టిగా ఏమీ కాదు, ఊరికే వేసింది. నాకు అర్థమైంది.

"ఏంటి నాన్నా? వినపడట్లేదు" అని అరిచాను.

పై నుంచి వాడు. "అక్కా, ఆయన్ని అడుగు, కింద తలుపు మూసే ఉందా అని. ఇక్కడ మెకానిక్కుకి మనిషి సాయం లేదు, నన్ను చూడమంటున్నాడు."

"వినపడట్లేదురా."

నిజానికి రెండు గొంతులూ స్పష్టంగా వినపడుతున్నాయి. అమ్మకి లేని శబ్దం వినపడింది, నాకు ఉన్న శబ్దం వినపడలేదు. తల్లీకూతుళ్ళం. ఆ తండ్రీకొడుకుల నడుమ గాల్లో వేలాడుతూ నిలబడ్డాం. నా భయం మాత్రం వేరే. కదిలిస్తారని కాదు. సమాధానం రాకుండా వాళ్ళిద్దరూ చచ్చినా కదపనివ్వరు. ఎవరూ మాట్లాడకుండా ఇలాగే ఉండిపోతారేమో, ఓడ వాళ్ళే ఎవరో వచ్చి దింపేస్తారేమో, మళ్ళీ రేపు పొద్దున స్పానరు ఎక్కడుందని నన్నే అడుగుతారేమో అని భయం.

చక్రాల బండి ఒకటి దొర్లుకుంటూ పోయింది.

"ఒరేయ్ చిన్నోడా."

అమ్మ వేళ్ళు నా చేతిని పట్టేశాయి. నాన్న వాణ్ణి ఆ పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో.

నాన్న మళ్ళీ పిలిచాడు. "ఒరేయ్, వినపడుతోందా?"

"వినపడుతోంది నాన్నా."

"కింద తలుపు మూసే ఉంది. సందులోంచి లైటు వేసి చూస్తున్నాను, దారి ఖాళీగానే ఉంది. మీ అమ్మ లోపలుందిరా. నేను చెప్పేదాకా ఎవర్నీ బ్రేకు ముట్టుకోనివ్వకు."

"ముట్టుకోనివ్వను" అన్నాడు వాడు. "నువ్వు కిందే ఉండు నాన్నా. నువ్వు కింద ఉంటేనే నాకు ధైర్యం."

ఏ మనిషైతే వద్దని గుంత తలుపుకి అడ్డం నిలబడ్డాడో, ఆ మనిషే ఉండమంటున్నాడు. అమ్మ ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను, దాచుకోవాల్సిన పనేముంది, లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం.

"సరే, వదలమను" అన్నాడు నాన్న చివరికి. "మెల్లగా. ఇంకొంచెం. ఇంకొంచెం. తొందరపడకు, మీ అమ్మకి మోకాళ్ళు. ఇంకొంచెం. ఆగు."

"ఆగాం."

తలుపు తెరుచుకుంది. ఎదురుగా నాన్న, చేతిలో ఎప్పుడూ జేబులో ఉండే చిన్న టార్చి. అమ్మని చెయ్యి పట్టి దింపాడు.

"ఏం శబ్దం వచ్చింది?" అని అడిగాడు.

"ఏమో. మీకు తెలియాలి" అంది అమ్మ.

నాన్న ఒకసారి లిఫ్టు లోపలికి చూశాడు, ఒకసారి అమ్మ మొహంలోకి చూశాడు. పెళ్ళాం ఏ శబ్దం విన్నదో తెలియనంత అమాయకుడు కాదు మా నాన్న.

తమ్ముడు మెట్లు దిగి వచ్చాడు, రొప్పుతూ. వచ్చి నాన్న ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒంటికున్న చొక్కాకే గ్రీజు తుడుచుకున్నాడు. నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"నాన్నా, నేను వేరే కంపెనీలో చేరుతున్నాను. వచ్చే నెల నుంచి."

నాన్న మొహం ఒక్కసారి వాడిపోయింది. అలవాటు ప్రకారం నా వైపు తిరిగి, "అమ్మాయ్" అన్నాడు. నేను గుండ్రటి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. కోపం తెచ్చుకుంటాడో, వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడో నాకు తెలియదు. తెలియకపోయినా నేను తిరగలేదు.

"అక్కడ గుంతలోకి ఎవరు దిగుతారు?" అన్నాడు నాన్న. వాడితోనే అన్నాడు.

"నేనే దిగాలి."

"పైన?"

"ఎవరో. ఇంకా తెలియదు."

నాన్న టార్చి ఆర్పాడు, వెలిగించాడు, మళ్ళీ ఆర్పాడు. "ఎవడైనా సరే, ముందు వాడికి దెబ్బలు నేర్పు. నువ్వు సమాధానం ఇవ్వకుండా కదిపేవాడైతే ఒక్క పూట కూడా వాడి కింద దిగకు. తెలిసిందా?"

"తెలిసింది."

"అలాంటివాడు తగిలితే ఇంటికొచ్చెయ్" అన్నాడు నాన్న, టార్చి వాడి జేబులో పెడుతూ.

టికెట్లావిడ మెట్ల మీంచి హడావిడిగా దిగి వచ్చింది, మొహం పాలిపోయి ఉంది. జరిగినదానికి ఓడ తరఫున తనే క్షమాపణ చెప్పింది. కావాలంటే పెద్ద ఓడలోనే గదులు ఇప్పిస్తానంది. అక్కడైతే ఎవరికీ ఎవరితో ఏ ఇబ్బందీ ఉండదని మళ్ళీ చెప్పింది. చెప్పి, ఆ రోజు ఆఫీసులో చేసినట్టే, జవాబు కోసం నా మొహం చూసింది.

"నన్నడక్కండి. నేను సెలవులో ఉన్నాను" అన్నాను.

"ఇదే ఓడ" అన్నాడు నాన్న.

"మరి భోజనానికి? బల్ల ఒకటి రాయించనా, రెండా?"

నాన్న అమ్మని చూశాడు, తర్వాత తమ్ముణ్ణి చూశాడు. "ఒరేయ్, ఆవిడ అడుగుతోంది. చెప్పు."

"ఒకటే అండీ" అన్నాడు వాడు.

అమ్మ అప్పటికే మెట్ల వైపు నడుస్తోంది. ఆ బల్ల ఎక్కడుంటుందో చూడాలట. లిఫ్టు ఉండగా మోకాళ్ళతో మెట్లెందుకని నాన్నా తమ్ముడూ ఒకేసారి అన్నారు. నేను వాళ్ళ వెనకే నడిచాను, చేతిలో ఎవరి మాటా లేకుండా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకూ తెలియలేదు.